విభూతి తప్పించుకున్న రోజులు

నాకు పదమూడు నిండిన ఏడాది మా ఇంట్లో అందరూ సీఐడీలు అయిపోయారు. తలుపు వేసుకుంటే ఎందుకు వేసుకున్నావని, తీస్తే ఇంతసేపు లోపల ఏం చేశావని అడిగేవాళ్ళు. అద్దం ముందు కాస్త నిలబడితే చాలు, మా అవ్వ దగ్గేది. అవ్వ అంటే నాన్నకు అమ్మ. ఆమె మంచం వసారాలో, సరిగ్గా స్నానాల గదికి వెళ్ళే దారిలో ఉండేది. ఆమె కళ్ళు కప్పి ఆ దారిన పిల్లి కూడా పోలేదు. నేను మాత్రం తక్కువ తిన్నానా? వాళ్ళు నన్ను ఎంత అనుమానించారో అంతకు రెట్టింపు నేను వాళ్ళని అనుమానించాను.

మాది తిరుత్తణి. కొండకు వెళ్ళే దారిలో పూజాసామాన్ల అంగడి, దాని వెనకే ఇల్లు. కొబ్బరికాయలు, కర్పూరం, విభూతి పొట్లాలు, మొక్కు ఉన్నవాళ్ళు కట్టుకునే పసుపు గుడ్డలు, కావడికి కట్టే నెమలి ఈకలు అమ్మేవాళ్ళం. కొనేవాళ్ళతో అరవం, ఇంట్లో తెలుగు. రోజూ పొద్దున్నే అంగడి తీసి, స్వామి పటానికి కర్పూరం వెలిగించి, ఇంట్లో అందరి నుదుటా విభూతి పెట్టేవరకు నాన్నకు తెల్లవారినట్టు కాదు. నేను బడి సంచి భుజాన వేసుకుని కౌంటరు దగ్గరికి వెళ్ళి తల వంచేదాన్ని. ఆయన బొటనవేలితో అడ్డంగా రాసి, "పో, రైలుకు టైమైంది" అనేవాడు.

ఆ రైలు తిరువళ్ళూరుకు. అక్కడి ఆడపిల్లల స్కూల్లో చేర్పించాలని అమ్మ పట్టుబట్టి ఉపవాసాలే చేసింది. నాన్న ఒప్పుకున్నాడు కానీ ఒక మెలిక పెట్టాడు. అది నా ముందే, భోజనాల దగ్గర అన్నాడు.

"చదివించు, నేనేం వద్దన్లే. అయితే పాప పెద్దమనిషి అయ్యేదాకనే. ఆ మీదట రైళ్ళలో తిప్పేది లేదు. ఈడ మన ఈదిలో లేదా స్కూలు?"

మన వీధిలో స్కూలు ఉంది. దాని గోడ మా పెరటి గోడకు ఆనుకుని ఉంది. అక్కడ చేరితే నా బతుకు అంగడికీ ఇంటికీ ఆ గోడకూ మధ్య అయిపోతుందని నాకు తెలుసు. తిరువళ్ళూరు రైలంటే లేడీస్ పెట్టెలో కిటికీ, పూలు కట్టుకుంటూ నర్సులు చెప్పుకునే కబుర్లు, క్లాసులో తన పక్క సీటులో నా కోసం పుస్తకం పెట్టి ఉంచే స్నేహితురాలు. అవన్నీ నా ఒంటి మీద ఆధారపడ్డాయి. నా ఒళ్ళు ఎంత ఆలస్యం చేస్తే నాకు అంత చదువు.

కానీ ఆ ఒళ్ళు నా మాట వినే రకం కాదు. ముక్కు పక్కన మొటిమ లేచింది. పోయినేడు కుట్టించిన యూనిఫాం ఛాతీ దగ్గర బిగిసింది. చంకల్లో కొత్త వాసన. ఊరికే ఏడుపొచ్చేది, ఎవరైనా ఎందుకని అడిగితే ఏడుపు కాస్తా కోపం అయ్యేది. చారులో ఉప్పు ఎక్కువైందని నేను కంచం నెట్టేసిన రోజు అవ్వ నా వైపు కాకుండా అమ్మ వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు అర్థం నాకు తెలిసింది, ఒళ్ళు మండింది. నా ఒళ్ళే నా మీద చాడీలు చెబుతోందని నమ్మాను. దుపట్టా వేసుకునే వయసు కాకపోయినా వేసుకోవడం మొదలుపెట్టాను. దాంతో ఇంకా అనుమానం పెరిగింది.

చివరికి అది స్కూల్లోనే జరిగింది, లెక్కల క్లాసులో. పొద్దున్నుంచీ పొత్తికడుపులో నొప్పి. అమ్మ కట్టిన నిమ్మకాయ అన్నాన్ని అనుమానించాను. గంట కొట్టగానే లేవబోతే స్నేహితురాలు నా చెయ్యి పట్టి మళ్ళీ కూర్చోబెట్టింది.

"లేయొద్దు. అందరూ పోనీ. నేను నీ వెనకాలే ఆనుకోని నడుస్తా" అంది.

వాళ్ళ ఇల్లు స్కూలు వెనక సందులో. వాళ్ళూ తెలుగువాళ్ళే, క్రైస్తవులు. వాళ్ళమ్మ ఫ్యాక్టరీలో పని చేసేది. ఆ వారం రాత్రి షిఫ్టు కాబట్టి పగలు ఇంట్లో ఉంది. నిద్ర కళ్ళతోనే తలుపు తీసి, నన్ను ఒక్కసారి చూసి, ఏమీ అడక్కుండా వేడినీళ్ళు పెట్టింది. ఏది ఎలా వాడాలో చూపించింది. నా లంగా ఉతికి ఫ్యాను కింద ఆరేసింది.

"భయపడొద్దు కన్నా. ఒంట్లో ఏం చెడిపోలే. ఉండు, మీ అమ్మకు ఫోన్ చేస్తా."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. నాన్న పెట్టిన మెలిక చెప్పాను. ఆమె గోడ మీద ఏసు పటం వైపు చూసింది, కూతురి వైపు చూసింది.

"నా బిడ్డ ఇట్ల దాస్తే నాకు కడుపు మండుతుంది. అయినా చదువు మాన్పిస్తారంటా ఉండావు. సరి, నేను చెప్పను. నువ్వే చెప్పల్ల, నీకు ధైర్యం వచ్చినప్పుడు."

నేను ఆమెనూ అనుమానించాను. రక్తసంబంధం లేని మనిషి ఇంత చేస్తుందంటే ఏదో ఆశించే అయి ఉంటుందనుకున్నాను. అది మా అంగడి బుద్ధి. ఏమీ ఆశించకుండా మా వీధిలో ఎవరూ కొబ్బరికాయ ఆడించి కూడా చూపించరు.

ఇంట్లో అమ్మవి వాడితే అమ్మకు తెలిసిపోతుంది. అందుకని ప్రతి నెలా స్నేహితురాలి అమ్మే ఒక ప్యాకెట్ ఇచ్చేది. మందుల షాపువాళ్ళు ఇచ్చే నల్ల కవరు తీసేసి, అరవ పేపరుతో నాలుగు మూలలూ మడిచి, పుస్తకానికి అట్ట వేసినట్టు చుట్టి, రబ్బరు బ్యాండు వేసేది. "పుస్తకం మాదిరి ఉంటే సంచిలో ఎవురూ చూడరు" అనేది. నిజంగానే నా సోషల్ పుస్తకం పక్కన పెడితే అక్కాచెల్లెళ్ళలా ఉండేది.

అంతా బాగానే దాచాను. ఒక్క విషయంలో తప్ప. మా ఇంట్లో నెలసరి రోజుల్లో ఆడవాళ్ళు దేవుడి సామాను ముట్టుకోరు. అమ్మ ఆ రోజుల్లో అంగడి వైపే వచ్చేది కాదు, వంటింటి గడప దగ్గరే ఆగిపోయేది. నేను ఎవరికీ చెప్పకపోయినా స్వామికి తెలుస్తుంది కదా. నేను ముట్టుకున్న కర్పూరం ఎవరో ముసలాయన మోకాళ్ళ నొప్పితో కొండెక్కి వెలిగిస్తే, ఆ పాపం ఎవరిది? అందుకని ఆ రోజుల్లో కౌంటరు దగ్గరికి పోయేదాన్ని కాదు. ఎవరైనా గిరాకీ వచ్చి విభూతి అడిగితే కాలు బెణికిందనేదాన్ని. పొద్దున నాన్న బొటనవేలు విభూతిలో ముంచేలోపు "రైలు పోతుంది నాయినా" అని పరుగెత్తేదాన్ని. నెలనెలా వచ్చే స్వామి నక్షత్రం, కృత్తిక రోజు ఇంటిల్లిపాదీ కొండెక్కుతుంటే తలనొప్పని పడుకున్నాను. ఇంట్లో ఎవరూ అడక్కుండానే, ఎవరికీ తెలియకుండానే, మా అవ్వ కన్నా మడిగా ఉన్నాను.

మా అవ్వ వీటన్నిటినీ ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంది. స్నేహితురాలు క్రిస్మస్‌కు ఇచ్చిన కేకు నేను లొట్టలేసుకుని తినడం కూడా ఆ వరుసలో చేరింది. ఒకరోజు సాయంత్రం నేను వంటింట్లో ఉన్నానని తెలిసే, వినబడేట్టే నాన్నతో అంది.

"ఇబూది పెట్టించుకోదు. కొండకు రాదు. కర్పూరం చేత్తో ముట్టదు. ఆ పిల్లోళ్ళ ఇంట్లో ప్రేయరంట. ఇంకా యాడుండావురా నువ్వు? నీ కూతురు మతంలో కలిసిపోయింది."

నాన్న "సుమ్మా ఉండమ్మా" అన్నాడు కానీ ఆ రాత్రి నాతో మాట్లాడలేదు. నాకు నవ్వొచ్చింది, భయమూ వేసింది. అవ్వ అనుమానం నిజానికి అంత దూరంగా ఉండటం ఒకందుకు నయమే. వాళ్ళు చర్చి కోసం వెతుకుతున్నంతకాలం అసలు సంగతి దొరకదు. అలా లెక్క వేసుకుని నోరు మూసుకున్నాను.

అప్పట్నుంచి నేను మరీ హద్దు మీరి అనుమానించాను. రైల్లో నర్సులు గుసగుసలాడితే నా గురించే. పూలమ్మే ఆమె నా వైపు చూసి మూర తక్కువ కొలిస్తే ఆమెకు తెలిసిపోయినట్టే. అమ్మ నా మంచం దుప్పటి మారిస్తే దేనికో వెతికినట్టే. ఒక రోజు తిరువళ్ళూరు ప్లాట్‌ఫాం మీద, జనం మధ్యలో, మా నాన్న తువ్వాలు లాంటి తువ్వాలు ఒకటి స్తంభం పక్కన కనిపించింది. ఆకుపచ్చ అంచు. అలాంటివి జిల్లా అంతా వేసుకుంటారనుకుని నడిచాను. లోకంలో అందర్నీ అనుమానించిన నేను ఆ ఒక్క తువ్వాలునీ వదిలేశాను.

ఆ సాయంత్రం స్కూలయ్యాక స్నేహితురాలి ఇంటికి వెళ్ళి, పేపరు చుట్టిన ప్యాకెట్ తీసుకుని, సందులోనే సంచిలో పెట్టుకుని రైలెక్కాను. తిరుత్తణిలో దిగి నడిచి వచ్చేసరికి నాన్న అంగడిలో కూర్చుని ఉన్నాడు. అదే రైల్లో పక్క పెట్టెలో వచ్చి, స్టేషన్ బయట పెట్టిన బండి మీద నాకన్నా ముందు చేరుకున్నాడని తర్వాత తెలిసింది. భుజం మీద ఆకుపచ్చ అంచు తువ్వాలు ఉంది. నుదుటి మీద విభూతి చెమటకు కారిపోయి ఉంది.

తెల్లవారితే కృత్తిక. వీధి నిండా పసుపు గుడ్డలవాళ్ళు. అంగడి ముందు అప్పుడే గుండు చేయించుకుని చందనం పూసుకున్న ఒక పెద్దామె, చిత్తూరు వైపు మనిషి, కర్పూరం బేరమాడుతోంది.

"సంచి ఇట్లియ్యి" అన్నాడు నాన్న.

నేను ఇవ్వలేదు. ఆయన లాక్కున్నాడు. పుస్తకాలన్నీ తీసి చూశాడు. పేపరు అట్ట వేసినది ఆయన చేతికి తగిలింది.

"ఏందిది? ఆయమ్మ ఇచ్చింది ఇదేనా? సందులో నిలబడి నా కండ్లతో చూసినాను. బైబిలా?"

"కాదు నాయినా. ఈడ వద్దు. లోపల చూపిస్తా."

"ఈడనే చూస్తా. సామి ముందరే చూస్తా."

దాన్ని విభూతి పొట్లాల పళ్ళెం మీద పెట్టి, రబ్బరు బ్యాండు తెంపి, పేపరు చించాడు. లోపలి ప్లాస్టిక్ కూడా చిరిగింది. తెల్లటివి రెండు పళ్ళెంలో పడ్డాయి, ఒకటి కర్పూరం డబ్బా మీద పడింది.

నేను ఇన్ని నెలలు ఆ రోజుల్లో వేలు కూడా తగలనివ్వని పళ్ళెం అది. నేల మీద కూర్చుండిపోయాను. నాకు సిగ్గు కన్నా ముందు భయం వేసింది, అపచారం జరిగిపోయిందని. ఆ తర్వాత సిగ్గు వచ్చింది. అది వచ్చాక ఇంకేమీ మిగల్లేదు.

నాన్న చేతులు అలాగే గాలిలో ఉండిపోయాయి. వాటిని తాకలేడు, వదిలేయలేడు. గుండామె చుట్టూ చూసి గొంతు సవరించుకుంది.

"ఏందయ్యా అట్ల నిలబడుండావు? తీసి బిడ్డకియ్యి. మా ఇండ్లల్లో లేరా ఆడపిల్లోళ్ళు? నా కర్పూరం నాకిచ్చి పంపు, పొద్దు పోతాంది."

అప్పటికి అమ్మ లోపల్నుంచి వచ్చింది. అన్నీ ఏరి కొంగులో కట్టుకుని, నా రెక్క పట్టి లేపి, వంటింట్లోకి తీసుకెళ్ళింది. గడప దాటుతూ నేను వెనక్కి చూశాను. నాన్న పళ్ళెం తీసి అవతల పెడతాడనుకున్నాను. ఆ పొట్లాలన్నీ బావిలో పోస్తాడనుకున్నాను. ఆయన కర్పూరం డబ్బా మూత తీసి, చారెడు కాగితంలో పోసి, అదే పళ్ళెంలోంచి ఒక విభూతి పొట్లం దాంతో చేర్చి గుండామె చేతిలో పెట్టాడు. ఆమె కళ్ళకద్దుకుని కొండ వైపు వెళ్ళిపోయింది. ఆ క్షణం నాకు నాన్న మీద కాదు, ఆ నియమం మీదే అనుమానం పుట్టింది. అది ఇప్పటికీ తీరలేదు.

వంటింట్లో అమ్మ తలుపు వేసింది. "ఎప్పట్నించి?"

"ఆడికృత్తిక ముందు నుంచి. ఆరు నెలల పైనే అయింది."

"మొదుట ఎవురికి చెప్పినావు?"

"ఆయమ్మకు."

అమ్మ నన్ను కొట్టినా బాగుండేది. పొయ్యి మీద పాలు పొంగుతుంటే చూస్తూ నిలబడింది. "నన్ను గూడా వాళ్ళల్లో కలిపేసినావా?" అంది. ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. నా చదువు కోసం పస్తులున్న మనిషిని కూడా నేను సీఐడీల్లో లెక్కేశాను.

మరునాటికి ఇల్లంతా మారిపోయింది. అవ్వ బంధువులకు ఫోన్లు చేయించింది. మా వైపు దాన్ని సడంగు అంటారు, పెద్దమనిషైన పిల్లకు పసుపు నీళ్ళు పోసి, పట్టుచీర కట్టి, ఊరికి భోజనం పెట్టే పండగ. మెయిన్ రోడ్డు మీద ఎన్నికల్లో నిలబడినట్టు నా ఫోటోతో ఫ్లెక్స్ కట్టారు. మంచిచెడ్డలు చూడటానికి వచ్చిన పంచాంగం అయ్యవారు ఎప్పుడు జరిగిందని అడిగితే అవ్వ తడుముకోకుండా "మొన్న సాయంత్రం, దీపాలు పెట్టే వేళకు" అంది. నాన్న తల ఊపాడు. నెలల తరబడి నన్ను అబద్ధాలకోరని వెంటాడిన ఇద్దరూ ఆ అబద్ధాన్ని ఎంత సులువుగా చెప్పారంటే, నేను కూడా ఒక్క క్షణం నమ్మాను.

నాకు ఫ్లెక్స్ గురించి కూడా పట్టలేదు. తిరువళ్ళూరు గురించే. ఎవరినీ అడగలేక, అడిగితే వద్దంటారని, గోడ అవతల స్కూలు గంట వింటూ కూర్చున్నాను. అమ్మే అడిగింది. అయ్యవారు వెళ్ళిపోయాక, నాన్న కాఫీ తాగుతుంటే అంది.

"పాప సోమవారం నుంచి స్కూలుకు పోతుంది. తిరువళ్ళూరికే."

"ముందరే చెప్పినా గదా నేను."

"నువ్వు చెప్పినావు. మీ అమ్మ అయ్యవారికి చెప్పింది. నేను ఇంకా నోరు తెరవలే. పాపను పంపకపోతే తెరుస్తా, అసలు తేదీ చెప్తా. ఇంకోటి, మొదటి చెంబు ఆయమ్మ పోస్తుంది."

మా వాళ్ళలో మొదటి చెంబు మేనత్తది. అవ్వ మంచం మీద లేచి కూర్చుంది. నాన్న కాఫీ గ్లాసు వైపే చూశాడు. సరే అనలేదు, కాదని కూడా అనలేదు. మా ఇంట్లో దాన్ని సరే అనే అంటారు.

ఆ ఆదివారం స్నేహితురాలూ వాళ్ళమ్మా మొదటి రైలుకే వచ్చారు. ఆమె రాత్రి షిఫ్టు దిగి అటే వచ్చింది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అందరూ చూస్తుండగా అమ్మ ఆమె చేతికి చెంబు ఇచ్చింది. ఆమె బెదిరింది. "నాకెందుకమ్మా, మీ ఇంటోళ్ళు ఉండారు గదా" అంది. "మొదుట తెలిసింది నీకే గదక్కా" అంది అమ్మ. ఆ మాటలో ప్రేమ ఎంత ఉందో, దెబ్బ ఎంత ఉందో, ఆమె నోరు కట్టేసే తెలివి ఎంత ఉందో నేను ఇన్నేళ్ళ తర్వాత కూడా విడదీయలేను. పసుపు నీళ్ళు మాత్రం వెచ్చగా ఉన్నాయి. పోస్తూ ఆమె నా చెవి దగ్గర, "ఇంక మీ అమ్మ దగ్గర దాయొద్దు" అంది.

సోమవారం రైలెక్కాను. నాన్న విభూతి పెట్టాడు, నా ముఖం చూడకుండా పెట్టాడు. అలా కొన్ని వారాలు గడిచాయి. ఒక ఇంట్లో ఇద్దరం అద్దెకున్నవాళ్ళలా తిరిగాం. రైల్లో పక్క పెట్టెలోకి తొంగిచూడటం నాకు అలవాటైంది. ఆకుపచ్చ అంచు మళ్ళీ కనబడలేదు. కనబడకుండా కూర్చోవడం నేర్చుకున్నాడేమోనని అనుకునేదాన్ని.

ఆ తర్వాత ఒక పొద్దున అమ్మకు ముందే చెప్పి, సంచి వేసుకుని, కౌంటరుకు దూరంగా గుమ్మం దగ్గరే ఆగాను. ఇంక కాలు బెణకలేదు, రైలు పోవడం లేదు. "నాయినా, ఈ పొద్దు వద్దు" అన్నాను. ఆయన బొటనవేలు విభూతిలో ఉంది. నా వైపు చూశాడు. పళ్ళెం సంగతి జరిగాక అదే మొదటిసారి సూటిగా చూడటం.

లేచి వసారాలోకి తొంగిచూశాడు. అవ్వ అటు తిరిగి పడుకుని ఉంది. వీధిలోకి తల పెట్టి ఈ పక్కా ఆ పక్కా చూశాడు. అంగడిలో వస్తువు ఎత్తుకుపోయే దొంగ కూడా అంత జాగ్రత్తగా చూడడు. గబగబా నా దగ్గరికి వచ్చి, నుదుటి మీద అడ్డంగా రాసేశాడు.

"పో" అన్నాడు. "రైలుకు టైమైంది."